మేజోడు బొమ్మకు మాట ఎలా వస్తుంది?

జత తప్పిన మేజోడు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. వాడుకలో మనం సాక్సు అంటున్నది దాన్నే. ఒక కాలిది చినిగిపోతుంది, రెండో కాలిది మిగిలిపోతుంది. ఎందుకూ పనికిరాదని పారవేస్తాం. ఈసారి పారవేయకుండా దాన్ని చేతికి తొడుక్కోండి. బొటనవేలిని కింద, మిగిలిన నాలుగు వేళ్ళను పైన ఉంచి కదపండి. అది నోరు తెరుస్తుంది, మూస్తుంది. దానికి ఇంకా కళ్ళు లేవు, జుట్టు లేదు. అయినా ఎదుట కూర్చున్న చంటిపిల్ల దానికేసి చూసి నవ్వుతుంది.

కదిలేది గుడ్డముక్క. మాట్లాడేది మనం. మరి బొమ్మే మాట్లాడుతున్నట్లు ఎందుకు అనిపిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు మేజోడులో కొంత, మన చేతిలో కొంత, చూసేవారి కంటిలో కొంత ఉంది. ముందు బొమ్మను తయారుచేద్దాం. చేస్తూ ఈ మూడింటినీ పరీక్షిద్దాం. చివరకు ఆ బొమ్మలతోనే, మన కోనసీమ ఊళ్ళలో ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టగల ఆట ఒకటి ఆడదాం.

బొమ్మలాట మనకు కొత్త కాదు

మేజోడు బొమ్మ పడమటి దేశాల నుండి వచ్చింది గాని, బొమ్మలాట మాత్రం మనకు పాతదే. పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లో బొమ్మలాటల ప్రస్తావన ఉంది. కాకినాడ దగ్గరి మాధవపట్నంలోనూ, రాయలసీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలోనూ తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

తోలుబొమ్మలాటలో తెల్లని తెర కడతారు. తెర వెనుక దీపం ఉంటుంది. మేకతోలును పలుచగా, కాంతి దూరేట్లు తయారుచేసి, రంగులు వేసి, చిల్లులు పొడిచి బొమ్మలు చేస్తారు. కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తు ఉంటాయి. వాటిని పుల్లలతో ఆడిస్తారు. కొయ్యబొమ్మలను దారాలతో పైనుండి ఆడిస్తారు. మేజోడు బొమ్మకు పుల్ల లేదు, దారమూ లేదు. మన చెయ్యే బొమ్మ లోపల ఉంటుంది. అందువల్ల ఆడించడం నేర్చుకోవడానికి ఇది అన్నిటికన్నా సులువు.

రాత్రంతా సాగే తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల మధ్య నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వస్తారు. మన మేజోడు బొమ్మలకు కూడా ఈ పేర్లే పెట్టుకుందాం.

మేజోడు ఎందుకు సాగుతుంది?

బొమ్మ నోరు బాగా కదలాలంటే గుడ్డ సాగాలి. చీర గుడ్డతో సంచి కుట్టి చేతికి తొడిగితే నోరు బిగుసుకుపోతుంది. మేజోడు అలా కాదు. కారణం ఏమిటో ఈ పరీక్ష చేసి తెలుసుకోండి.

ఒక నేత రుమాలు, ఒక మేజోడు తీసుకోండి. రెండింటి మీదా సుద్దతో సరిగా 10 సెంటీమీటర్ల గీత గీయండి. రుమాలు మీద గీత పోగు వెంబడి ఉండాలి. మేజోడు మీద గీత అడ్డంగా ఉండాలి. గీత రెండు చివరలా పట్టుకుని లాగుతూ, స్నేహితుడి చేత స్కేలుతో కొలిపించండి. రుమాలు దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మేజోడు ఎంత సాగిందో పుస్తకంలో రాసుకోండి. తరువాత రుమాలు మీద మూల నుండి మూలకు ఇంకో 10 సెంటీమీటర్ల గీత గీసి లాగండి. ఈసారి రుమాలు కూడా కొంచెం సాగుతుంది!

అమలాపురం పక్కనే ఉన్న బండారులంకలో మగ్గం చూసినవారికి దీని కారణం చప్పున తెలుస్తుంది. మగ్గం మీద నిలువు పోగులు పడుగు, అడ్డపోగులు పేక. రెండూ తిన్నగా ఉండి ఒకదాని కింద ఒకటి దూరుతాయి. తిన్నగా ఉన్న దారాన్ని లాగితే ఇక సాగడానికి చోటు ఎక్కడ? మూలకు లాగినప్పుడు దారాలు సాగవు గాని, వాటి మధ్యనున్న చదరపు గళ్ళు ఒక పక్కకు వాలిపోతాయి. అందుకే రుమాలు ఆ దిక్కున కొంచెం పొడుగవుతుంది.

మేజోడు నేత గుడ్డ కాదు, అల్లిక గుడ్డ. అందులో నూలు మెలికలు తిరుగుతుంది. ఒక మెలికలో నుండి మరొక మెలిక దూరి వరుసలుగా పేరుకుంటుంది. లాగినప్పుడు నూలు సాగకపోయినా, గుండ్రని మెలిక కోలగా మారుతుంది. వదిలితే మళ్ళీ గుండ్రమవుతుంది. ఈ కాలపు మేజోళ్ళలో రబ్బరులా సాగే దారం కూడా కలుపుతారు. చేత్తో అల్లే ఈ పనిని చేసే యంత్రాన్ని 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన తయారుచేశాడు.

మెలికల్లో ఒక ఇబ్బంది కూడా ఉంది. ఒక మెలిక తెగితే దానిని పట్టుకుని ఉన్న పై మెలిక జారిపోతుంది. చిన్న చిల్లు పెద్దది కావడానికి కారణం ఇదే. కాబట్టి మేజోడును కత్తిరించిన చోట వెంటనే కుట్టు వేయాలి.

బొమ్మ చేసే పద్ధతి

కావలసినవి: పొడుగాటి పాత మేజోడు, పాత శుభలేఖ అట్ట, ఎర్రగుడ్డ ముక్క, రెండు గుండీలు, కొబ్బరి పీచు, సూది, దారం, కత్తెర, సుద్దముక్క, ఉడికించిన మైదా జిగురు. సూది, కత్తెర పని చిన్నపిల్లలు పెద్దల ఎదుటే చేయాలి.

1. మేజోడును సబ్బునీళ్ళలో ఉతికి, ఎండలో బాగా ఆరవేయండి.

2. మేజోడును చేతికి తొడుక్కోండి. దాని మడమ భాగం మీ మణికట్టు పైవైపు, అంటే చేతివెనుక వైపు రావాలి. వేళ్ళు దాని కొసకు తగలాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న చీలిక ఎక్కడ వచ్చిందో అక్కడ రెండు పక్కలా సుద్దతో గుర్తు పెట్టండి.

3. మేజోడును చేతినుండి తీసివేయండి. కొసను అడ్డంగా కత్తిరించి, రెండు పక్కలా గుర్తుల వరకు కోయండి. ఇప్పుడు పై పెదవి, కింది పెదవి విడిగా వచ్చాయి.

4. అట్టను కోలగా కత్తిరించండి. దాని వెడల్పు మేజోడు వెడల్పంత, పొడవు మీ కోత లోతుకు రెట్టింపు ఉండాలి. సరిగా మధ్యకు మడవండి. ఈ మడతే దవడ కీలు.

5. ఎర్రగుడ్డను అట్టకన్నా చుట్టూ ఒక సెంటీమీటరు పెద్దదిగా కత్తిరించి, అట్ట లోపలి వైపు జిగురుతో అంటించండి. ఆరిన తరువాత అట్టను కోతలో అమర్చండి. మడత సరిగా కోత చివర ఉండాలి. ఎర్రగుడ్డ అంచునూ మేజోడు అంచునూ కలిపి దగ్గర దగ్గరగా కుట్టండి. మడత రెండు చివరల దగ్గర రెండు కుట్లు ఎక్కువ వేయండి. ఎక్కువ లాగుడు పడేది అక్కడే.

6. కళ్ళను వెంటనే కుట్టవద్దు. సుద్దతో గుర్తులు పెట్టి, బొమ్మను తొడుక్కుని అద్దంలో చూడండి. కళ్ళు రెండు పక్కలకూ దూరంగా ఉంటే బొమ్మ కోడిలాగా, మేకలాగా కనిపిస్తుంది. దగ్గరగా, ముందువైపు ఉంటే మనిషిలాగా, పిల్లిలాగా మనకేసి చూస్తుంది. కోడి, మేక శత్రువు ఎటునుండి వచ్చినా కనిపెట్టాలి, అందుకని వాటి కళ్ళు పక్కలకు ఉంటాయి. పిల్లి ఎలుక మీదికి దూకాలి, దూరం సరిగా అంచనా కట్టాలి, కనుక దాని కళ్ళు ముందుకు ఉంటాయి. మీ బొమ్మ ఏ ప్రాణియో నిర్ణయించుకుని, అప్పుడు గుండీలు కుట్టండి.

7. జుట్టుకు మనవైపు కరువా! ఎండిన కొబ్బరి డొక్కను కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టి, కర్రతో కొడితే పీచు విడివడుతుంది. దులిపి, ఆరబెట్టి, చిన్న కట్టలుగా కట్టి తలమీద కుట్టండి. ఈ పీచులో లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. చెట్ల మానుకు గట్టితనం ఇచ్చేది కూడా అదే. పీచు తొందరగా కుళ్ళకపోవడానికీ, జుట్టు నిటారుగా నిలబడడానికీ అదే కారణం. జుట్టుపోలిగాడికి ఇంతకన్నా మంచి జుట్టు ఏ ఊళ్ళోనూ దొరకదు.

పాత సామానుతో చేశాం కదా అని చిన్నబుచ్చుకోకండి. అమెరికాలో జిమ్ హెన్సన్ అనే ఆయన 1955లో తన తల్లి పాత కోటు గుడ్డతో ఒక బొమ్మ చేసి, బల్లబంతి ఆటలో వాడే బంతిని రెండుగా కోసి కళ్ళు పెట్టాడు. కప్పగా మారి ప్రపంచమంతా పేరు పొందిన 'కెర్మిట్' ఆ బొమ్మే. ఆ దశకంలోనే షారీ లూయిస్ అనే ఆమె టెలివిజన్‌లో ఆడించిన 'లాంబ్ చాప్' అనే గొర్రెపిల్ల అచ్చంగా మేజోడు బొమ్మ.

చేతిలో ఉన్న యంత్రం

బొమ్మను తీసి పక్కన పెట్టి, మీ చేతిని చూడండి. ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు ఉన్నాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. బొటనవేలికి రెండే ఎముకలు, మిగిలిన వేళ్ళకు మూడేసి.

ఎడమచేత్తో కుడి మోచేతి కిందిభాగాన్ని పట్టుకుని, కుడిచేతి వేళ్ళను ముడుస్తూ తెరుస్తూ ఉండండి. వేళ్ళు కదులుతుంటే మోచేతి దగ్గర కండలు కదలడం తెలుస్తుంది. వేళ్ళను గట్టిగా ముడిచే కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడనుండి స్నాయుబంధనాలనే తాళ్ళు మణికట్టు మీదుగా వేలి ఎముకల వరకు వస్తాయి. కండరం ముడుచుకుంటే తాడు లాగుతుంది, వేలు వంగుతుంది. కొయ్యబొమ్మలను దూరం నుండి దారాలతో ఆడించే ఏర్పాటు మన చేతి లోపలే ఉందన్నమాట!

ఇంకొక పరీక్ష. అరచేతిని బల్లమీద ఆనించండి. నడిమివేలిని మాత్రం రెండో కణుపు వరకు లోపలికి మడవండి. ఇప్పుడు మిగిలిన వేళ్ళను ఒక్కొక్కటిగా పైకి ఎత్తండి. బొటనవేలు లేస్తుంది, చూపుడువేలు లేస్తుంది, చిటికెనవేలు లేస్తుంది. ఉంగరపువేలు మాత్రం ఎంత ప్రయత్నించినా లేవదు. చేతివెనుక వైపున ఈ వేళ్ళ తాళ్ళు ఒకదానితో ఒకటి పట్టీలతో కలిసి ఉన్నాయి. నడిమివేలు మడిచి ఉండగా ఉంగరపువేలి తాడుకు లాగే వీలు ఉండదు.

ఇది లోపం కాదు. వేళ్ళు కలిసి పనిచేయడం వల్లనే మనం కొడవలి పిడి పట్టగలం, తాడు లాగగలం. బొమ్మ విషయంలో నాలుగు వేళ్ళూ ఒక పలకలా కలిసి పై దవడ అవుతాయి. బొటనవేలు వీటికి వేరుగా, ఎదురుగా ఉంటుంది. దాని అడుగు కీలు గుర్రపు జీను ఆకారంలో ఉండడం వల్ల అది ముందుకు, వెనుకకు, పక్కకు కదలగలదు, మిగిలిన వేళ్ళ కొసలను తాకగలదు. అదే కింది దవడ.

ఏ దవడ కదలాలి?

ఇక్కడే కొత్తగా ఆడించేవారు పొరపడతారు. బొమ్మ మాట్లాడేటప్పుడు నాలుగు వేళ్ళనూ పైకి ఎగరవేస్తారు. అలా చేస్తే ప్రతి మాటకూ బొమ్మ తల వెనక్కు పడుతుంది. కళ్ళు చూసేవారిని వదిలి ఇంటికప్పు కేసి తిరుగుతాయి. బొమ్మ మాట్లాడుతున్నట్లు కాక ఈగలను పట్టుకుంటున్నట్లు ఉంటుంది.

మనం ఎలా మాట్లాడుతున్నామో చూద్దాం. ఒక వేలు ముక్కుమీద, ఇంకొక వేలు గడ్డంమీద ఉంచి మీ పేరు, ఊరిపేరు చెప్పండి. ముక్కుమీది వేలు కదలదు. గడ్డంమీది వేలు కిందికీ పైకీ కదులుతుంది. పై దవడ పుర్రెకు అతుక్కుని ఉంది. కదిలేది కింది దవడ ఒక్కటే. కాబట్టి బొమ్మ నాలుగు వేళ్ళను నిలకడగా ఉంచి, బొటనవేలిని కిందికి దించండి. చెయ్యి మొదట నొప్పి పుడుతుంది. రోజుకు ఐదు నిమిషాలు అద్దం ముందు సాధన చేస్తే అలవాటవుతుంది.

ఈ నియమానికి పాము వేరు. పాము తలలో పై దవడ ఎముకలు కూడా కదులుతాయి. మీ బొమ్మ పాము అయితే నాలుగు వేళ్ళూ ఎత్తండి, బొటనవేలూ దించండి. తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇక నోరు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి? దీనికి మన తెలుగు వాచకమే దారి చూపిస్తుంది. అద్దంలో చూస్తూ 'ఆ' అనండి, నోరు బాగా తెరుచుకుంటుంది. 'ఈ' అనండి, కొద్దిగానే తెరుచుకుంటుంది. ప, ఫ, బ, భ, మ అనండి, ముందు రెండు పెదవులూ కలిసి తీరాలి. వీటినే వ్యాకరణంలో ఓష్ఠ్యాలు అన్నారు. 'అమ్మ' అన్నప్పుడు బొమ్మ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరవాలి. మనం మాటలను చాలావరకు అచ్చుతో ముగిస్తాం. అందువల్ల మాట పూర్తయ్యేసరికి నోరు తెరిచే ఉంటుంది. వాక్యం అయిపోగానే ఒక్క క్షణం ఆగి నోరు మూయించండి. లేకపోతే బొమ్మ ఇంకా ఏదో చెప్పబోతున్నదని చూసేవారు ఎదురుచూస్తారు.

కన్ను చెవిని నమ్మిస్తుంది

ఇద్దరు స్నేహితులను దుప్పటి వెనుక కూర్చోబెట్టి, ఎడమవైపు కేతిగాడిని, కుడివైపు బంగారక్కను పైకి పట్టమనండి. మీరు మధ్యలో దాక్కుని, ఒకే గొంతుతో ఒక వాక్యం చెప్పండి. మొదట కేతిగాడు నోరు కదపాలి, బంగారక్క కదలకూడదు. రెండోసారి బంగారక్క నోరు కదపాలి. ఎవరు మాట్లాడారని ముందు కూర్చున్నవారిని అడగండి. ధ్వని రెండుసార్లూ మధ్యనుండే వచ్చినా, నోరు కదిపిన బొమ్మ వైపునుండే వచ్చిందని వారు చెబుతారు. ధ్వని వచ్చిన దిక్కును కనిపెట్టడంలో చెవికన్నా కన్ను చురుకైనది. రెండూ వేరు వేరు సంగతులు చెబితే మెదడు చాలాసార్లు కంటినే నమ్ముతుంది. సినిమా హాలులో స్పీకరు ఎక్కడ ఉన్నా, మాట నటుడి నోటినుండి వచ్చినట్లు ఉండడం ఇందుకే.

1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రజ్ఞులు ఇంకొక వింతను బయటపెట్టారు. తెరమీద మనిషి పెదవులు 'గ' అంటున్నట్లు చూపిస్తూ, 'బ' అనే ధ్వనిని వినిపించారు. చూసినవారిలో చాలామందికి 'బ' గాని, 'గ' గాని వినిపించలేదు. 'ద' అని వినిపించింది! మనం చెవులతోనే కాక కళ్ళతోనూ వింటామన్నమాట. బొమ్మ నోటికి మాటతో పొత్తు కుదరాలని ఇంతసేపు చెప్పడం ఇందుకే.

ఈ బొమ్మలతో ఏం చెప్పాలి?

తరగతిలో లేచి నిలబడి ప్రశ్న అడగడానికి సిగ్గుపడే పిల్లలు, చేతికి బొమ్మ తొడిగితే ధైర్యంగా అడగడం ఉపాధ్యాయులు చూస్తూనే ఉంటారు. అందరి చూపూ బొమ్మమీద ఉంటుంది గనుక మాట్లాడేవారికి బెరుకు తగ్గుతుంది. వినేవారికి కూడా ఇది వర్తిస్తుంది. 'అలా చేయకూడదు తాతయ్యా' అని పిల్లవాడు చెబితే చిన్నముండావాడివి నీకేం తెలుసు అంటారు. కేతిగాడు చెబితే నవ్వుతూ వింటారు. ఢిల్లీలో 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం ఉపాధ్యాయులకు బొమ్మలాటలో శిక్షణ ఇస్తున్నది ఇందుకోసమే.

మన ప్రాంతంలో పెద్దలకు చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. అది పాముకాటు. మన ఇళ్ళ చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు. డొక్కల పోగుల్లో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. గోదావరికి వరద వస్తే లంకల్లో నీరు ఎక్కుతుంది. అప్పుడు పాములు మెరకకు చేరతాయి, మనమూ ఆ మెరకకే చేరతాం. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఈ మరణాలు ఎక్కువగా జరిగిన రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వీరిలో చాలామంది మంత్రం దగ్గర కాలం పోగొట్టుకోకుండా ఆసుపత్రికి చేరితే బతికే అవకాశం ఉంది.

అందుకని ఈ చిన్న ఆట.

కేతిగాడి కాలు

(తెర అంటే రెండు కొబ్బరిచెట్లకు అడ్డంగా కట్టిన దుప్పటి. కేతిగాడు గెంతుకుంటూ వస్తాడు.)

కేతిగాడు: బంగారక్కో! చచ్చాను! చేనిగట్టు మీద పాము కరిచిందే!

బంగారక్క: అయ్యయ్యో! ముందు ఆ గెంతడం ఆపు. ఇలా కూర్చో.

కేతిగాడు: పరుగెత్తుకెళ్ళి ఆ పామును పట్టుకొస్తానుండు!

బంగారక్క: ఇంకోసారి కరిపించుకోడానికా? పాము జోలికి పోకు. కాలు కదపకు.

జుట్టుపోలిగాడు: (వస్తూ) ఆయ్! నేనొచ్చేశానండీ. ఇదిగో కత్తి. కాటు దగ్గర కోసేసి నోటితో పీల్చేస్తాను.

కేతిగాడు: ఓరి నీ జుట్టు మండ! పాముకన్నా నువ్వే భయంగా ఉన్నావురా!

బంగారక్క: కత్తి కింద పడెయ్ పోలిగా. కోస్తే నెత్తురు పోతుంది. పీలిస్తే విషం రాదు.

జుట్టుపోలిగాడు: అయితే ఈ కొబ్బరితాడు తీసుకుని తొడ దగ్గర బిగించి కట్టేస్తానండీ.

బంగారక్క: గట్టిగా కడితే కాలికి నెత్తురు అందక కాలే పోతుంది. తాడు వద్దు. ఒక బద్ద తీసుకురా, కాలు కదలకుండా తువ్వాలుతో వదులుగా చుడదాం.

జుట్టుపోలిగాడు: పోనీ మంత్రగాడిని పిలుచుకురానా? మా మావయ్యకు పాము కరిస్తే మంత్రంతోనే తగ్గిందండీ, ఆయ్!

బంగారక్క: మీ మావయ్యను కరిచిన పాముకు విషం ఉందని నీకెవరు చెప్పారు?

జుట్టుపోలిగాడు: (తల గోక్కుని) పాము చెప్పలేదండీ.

బంగారక్క: కేతిగా, వేలికి ఉంగరం, కాలికి కడియం ఉంటే తీసెయ్. వాపు వస్తే బిగుసుకుంటాయి. పోలిగా, 108కి ఫోన్ చెయ్. పెద్దాసుపత్రికి పోదాం. విషానికి విరుగుడు సూదిమందు ఉండేది అక్కడ.

కేతిగాడు: బంగారక్కా, నేను నడిచి రానా?

బంగారక్క: అడుగు కూడా వెయ్యొద్దు. పోలిగాడు మోస్తాడు.

జుట్టుపోలిగాడు: ఈ బరువు మొయ్యడం కన్నా మంత్రమే నయమండీ!

ఆటలోని శాస్త్రం

బంగారక్క చెప్పిన ప్రతి మాటకూ కారణం ఉంది. ఆట అయ్యాక ఎవరైనా అడిగితే మీరు చెప్పగలగాలి.

కాలు కదిపితే కండరాలు ముడుచుకుంటూ, వదులవుతూ విషాన్ని శరీరంలోకి తోస్తాయి. అందుకని నడవకూడదు, పరుగెత్తకూడదు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అటువంటప్పుడు కత్తితో కోస్తే రక్తం ఆగదు. నాగుపాము, కట్లపాము విషాలు నరాల పనిని దెబ్బతీస్తాయి. కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి పీల్చడం కష్టమవుతుంది. కట్లపాము తరచు రాత్రివేళ నేలమీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు.

మరి మంత్రంతో కొందరికి ఎందుకు తగ్గుతుంది? మనచుట్టూ ఉన్న పాముల్లో ఎక్కువ జాతులకు మనిషిని చంపే విషం లేదు. విషపు పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండా కరుస్తుంది. అటువంటివారు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. మంత్రం పనిచేసిందని చెప్పాలంటే, మంత్రం వేయనివారు ఎందరు బతికారో కూడా లెక్కపెట్టి పోల్చాలి. అలా పోల్చి చూడడమే శాస్త్రీయ పద్ధతి.

విరుగుడు మందును గుర్రాల సాయంతో తయారుచేస్తారు. గుర్రానికి పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దాని రక్తంలో విషాన్ని అణచే ప్రతిరక్షకాలు పుడతాయి. వాటిని వేరుచేసి శుద్ధిచేస్తారు. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు పాముల విషాలకూ పనిచేస్తుంది. కనుక ఏ పాము కరిచిందో తెలియకపోయినా, పామును చంపి తేవలసిన పని లేదు.

కాటు పడకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. చీకట్లో దీపం లేకుండా నడవకండి. చేలోకి, తోటలోకి చెప్పులు వేసుకుని వెళ్ళండి. డొక్కల పోగులో, కట్టెల మోపులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. నేలమీద పడుకుంటే దోమతెర అంచులను పరుపు కిందికి దోపండి. దోమ రాదు, పామూ రాదు.

మీరు చేయండి

1. రుమాలు, మేజోడు, చేప వల ముక్క, ఈ మూడింటిని 10 సెంటీమీటర్ల గీతతో పరీక్షించండి. వల ఏ దిక్కున ఎక్కువ సాగుతుంది? ఎందుకు?

2. ముందు నాలుగు వేళ్ళు కదిపి, తరువాత బొటనవేలు కదిపి ఒకే వాక్యాన్ని బొమ్మ చేత చెప్పించండి. ఏది సహజంగా ఉందో పదిమందిని విడివిడిగా అడిగి, జవాబులు పట్టికలో రాయండి.

3. మీ పేరులో ఓష్ఠ్యాలు ఎన్ని? మీ పేరు పలికేటప్పుడు బొమ్మ నోరు ఎన్నిసార్లు మూయాలి?

4. మీ ఊరికి దగ్గరగా, పాముకాటుకు విరుగుడు మందు ఉండే ఆసుపత్రి ఏదో పెద్దలను అడిగి తెలుసుకోండి. దాని పేరు, ఎంత దూరమో అట్టమీద రాసి ఆట చివర బంగారక్క చేత చూపించండి.

ఆట ఒక్కసారి ఆడి ఊరుకోకండి. రామాలయం అరుగు దగ్గర ఒకసారి, చెరువుగట్టున ఒకసారి, వరదలు వచ్చే ముందు ఆషాఢంలో మరొకసారి ఆడండి. బొమ్మలు మాసిపోతే ఉతికి ఆరేయండి. మేజోడే కదా!